ఈస్టరు దాకా

తల్లి పోయి ఏడాది తిరక్కుండానే సెంగా ఆ ముసలిదాని డబ్బు పట్టుకెళ్లి సముద్రంలో పోసి రాబోతోందని కింద వాటా బెస్సీ టానక్, రొట్టెల దుకాణంలో అన్నదట. అన్నదాంతో ఊరుకోక, ఆ జుట్టు కత్తిరించే నెట్టా పక్కన చేరితే ఎంత బుద్ధిమంతురాలైనా బొచ్చు తీసిన గొర్రెలా తిరిగి రావాల్సిందేననీ, శుక్రవారం ఒక్క కారులో పోయేవాళ్లు ఆదివారం రెండు బస్సుల్లో వస్తారనీ కూడా చేర్చిందట. ఆ మాట రొట్టెల దుకాణంలోంచి మాంసం కొట్టుకూ, అక్కణ్నుంచి సెంగా పనిచేసే బడి వంటశాలకూ వచ్చేసరికి డబ్బు రెండింతలైంది. టైరీ దీవిలో నెట్టాకి ఒక మగాడు కూడా పుట్టుకొచ్చాడు.

బంగాళాదుంపల తొక్క తీస్తూ ఆ కబురంతా విని సెంగా నవ్వి ఊరుకుంది. పైస్లీ ఊళ్లో బెస్సీ నోటికి జవాబు చెప్పి నెగ్గినవాళ్లు ఎవరూ లేరు. పైగా ఆ మాటల్లో సగం నిజం. టైరీ పడమటి ఒడ్డున ఒక ఇల్లు అమ్మకానికుంది. చెరి సగం వేసుకుని కొందామనీ, ఊరికే వెళ్లి రెండు రాత్రులు పడుకుని చూసొద్దామనీ నెట్టా నెల్లాళ్లుగా చెవిలో ఊదుతోంది. ఇల్లుగలాయన గిలీస్ ఓబన్ పట్నంలో ఉంటాడు. విడిదికొచ్చిన అతిథుల్లాగే వచ్చి చూసుకోండి, అమ్ముతున్నట్టు మాత్రం అక్కడ ఎవరి దగ్గరా అనకండి, దీవి చిన్నది, నోళ్లు పెద్దవి అని ఆయన నెట్టాకి ఫోనులో గట్టిగా చెప్పాడు.

ఓడలో నాలుగు గంటలూ సెంగా ఒక్కచోట కూర్చోలేదు. పై అంతస్తుకి వెళ్లి గాలికి తట్టుకోలేక కిందికొచ్చింది. కింద చేపల వేపుడు వాసన పడక మళ్లీ పైకెళ్లింది. బడి సెలవుల్లో కూడా ఏదో ఒక పని ముందేసుకునే మనిషికి, చేతులు ఒళ్లో పెట్టుకుని అలల్ని చూడ్డం చేతకాలేదు. నెట్టా మాత్రం కాళ్లు ఎదుటి కుర్చీ మీద చాపి, టీ తాగుతూ, ఆ ఇంటి కిటికీలకి ఏ రంగు తెరలు బావుంటాయో ఆలోచిస్తోంది.

దీవి మీద గాలి ఒక్కటే పెద్దమనిషి. చెట్టనేది లేదు. కారు ఓడ దిగి ఒంటి దారిలో పడగానే ఎదురొచ్చిన ప్రతివాడూ పక్కకి తప్పుకుని, స్టీరింగు చక్రం మీదనుంచి పలకరింపుగా ఒక్క వేలు ఎత్తి పోతున్నాడు. నెట్టా బదులుగా చెయ్యంతా ఊపింది, పెళ్లి ఊరేగింపులో కూర్చున్నట్టు. గడ్డి మైదానంలో తీతువులు గొడవగా అరుస్తూ లేచాయి. దారి మధ్య పడుకున్న గొర్రె ఒకటి వీళ్లని తేరిపార చూసి, తీరిగ్గా లేచింది.

ఇల్లు నెట్టా చెప్పినట్టే ఉంది. మనిషి పడుకునేంత మందం గోడలు, తెల్ల సున్నం, ముందు తలుపు తీస్తే ఎదురుగా ఇసుకా నీళ్లూ తప్ప మరేం లేదు. నెట్టా కోటు విప్పకుండానే సంచీలోంచి టేపు తీసి కిటికీలు కొలవడం మొదలుపెట్టింది. సెంగా గడపలో నిలబడి ఆ నీళ్లను చూసింది. పుట్టి బుద్ధెరిగాక తన కిటికీ లోంచి ఎదుటి భవనం మెట్లూ, చెత్త డబ్బాలూ తప్ప ఆమె ఏమీ చూడలేదు. ఈ ఇల్లు కావాలనిపించింది. అంత వయసులో ఒక వస్తువు అంత గట్టిగా కావాలనిపించినందుకు సిగ్గేసి, గబగబా వంటింట్లోకి పోయి, అప్పటికే మెరుస్తున్న బల్లని తడిగుడ్డతో తుడిచింది.

కీమా ఉడుకుతోంది. దుంపలు మెదుపుతోంది. అప్పుడు వెనక తలుపు తెరుచుకుంది.

తట్టలేదు, పిలవలేదు. ఒక ముసలాయన లోపలికొచ్చాడు. టోపీ తీసి తలుపు వెనక మేకుకి, చూడకుండానే, తగిలించాడు. వంగి బూట్లు విప్పి, పొయ్యి పక్కన, వేళ్లు గోడవైపుకి ఉండేటట్టు ఆనించి పెట్టాడు. పొయ్యికి ఎడమ చేతి కుర్చీలో కూర్చుని అరికాళ్లు వెచ్చదనానికి చాపి, గాలి ఉత్తరానికి తిరిగిందే ఇష్‌బెల్, రేపు ఎండ్రకాయల బుట్టలు తియ్యలేం అన్నాడు. జవాబు రాకపోయేసరికి తలెత్తాడు.

ఒకరు గరిటెతో, ఒకరు టేపుతో, ఇద్దరు ఆడవాళ్లు తననే చూస్తున్నారు.

ఆయన తాగిలేడు. మతిమరుపు మనిషిలాగా కూడా లేడు. మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవులదాకా పాకింది. మెల్లగా లేచి నిలబడ్డాడు.

"నా కాళ్లొచ్చాయమ్మా. నేను రాలేదు," అన్నాడు.

పళ్లెం పెడతాను కూర్చోమంది సెంగా. వద్దన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపి, టోపీ తీసుకుని, బూట్లు తొడుక్కునే తీరిక కూడా తీసుకోకుండా చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు. తడి గడ్డిలో మేజోళ్లతోనే నడుచుకుంటూ, పాత పశువుల కొట్టం చుట్టూ తిరిగి కనపడకుండా పోయాడు. సెంగా వంటింటి కిటికీలోంచి మెడ సాచి చూసింది. కొట్టం వెనక, సముద్రం వైపునుంచి చూసేవాళ్లకి ఆనకుండా, చక్రాల మీది గదిలాంటి ఒక పాత కారవాన్ ఉంది. గాలికి ఎగిరిపోకుండా పైనుంచి తాళ్లు వేసి, కొసలకి బండరాళ్లు కట్టారు. దాని గొట్టంలోంచి పొగ వస్తోంది.

"ఎవడే ముసలాడు? మన ఇంట్లోకి మామగారింట్లోకొచ్చినట్టు వచ్చేశాడు," అంటూ నెట్టా వెనక తలుపు గొళ్లెం వేసి, తాళం తిప్పింది. అప్పుడే 'మన ఇల్లు' అయిపోయిందని సెంగా గమనించింది.

తెల్లవార్లూ గాలి చిమ్నీలో మూలుగుతూనే ఉంది. పక్క మారినప్పుడల్లా గోడవైపు వేళ్లు పెట్టిన ఆ బూట్లే సెంగా కళ్లముందుకొచ్చాయి. అలవాటు లేని మనిషి అలా పెట్టడు.

శనివారం పొద్దున్నే నెట్టా, విడిది ఇళ్లు చూసుకునే ఆవిడొకరు రేవు దగ్గర ఉంటుందట, అద్దెలెలా ఉన్నాయో కనుక్కొస్తానని కారేసుకుని వెళ్లింది. సెంగా ఒడ్డు వెంట నడుస్తానంది. నడిచింది కూడా, గవ్వల ఇసుకలో, ఆగకుండా, ఎవరో తరుముతున్నట్టు. మలుపు తిరిగాక ఇంకో తెల్ల ఇల్లు కనపడింది. ముందు తలుపు మూసుంది. వెనక తలుపు బార్లా తెరిచుంది. గడప మీద దుప్పట్ల మూటలు, బకెట్లు, లోపల ఒక ఆడమనిషి వాక్యూమ్ క్లీనర్‌తో కుస్తీ పడుతూ దాన్ని తిడుతున్న గొంతు.

నలభై అయిదేళ్లుంటాయేమో. చేతులు మోచేతులదాకా ఎర్రగా, జుట్టు రబ్బరు బ్యాండుతో నెత్తి మీదకి కట్టేసుంది. శనివారం అతిథులు మారే రోజు. పొద్దుట పోయినవాళ్ల మురికి, సాయంత్రం ఓడకి వచ్చేవాళ్ల కంట పడకూడదు. తనతోపాటు చేసే అమ్మాయికి ఇల్లు దొరక్క ఫోర్ట్ విలియమ్ వెళ్లిపోయిందట, ఇంకా రెండో ఇల్లు కూడా మిగిలే ఉందట. ఇదంతా ఆవిడ సెంగాని చూసి పలకరింపుగా కాదు, వాక్యూమ్ మీద కోపంతో చెప్పింది.

సెంగా కోటు విప్పి తలుపుకి తగిలించింది. మంచం మీద పడున్న ఉతికిన దుప్పటి రెండు కొసలూ పట్టుకుంది. అవతలి కొసలు ఆవిడ పట్టుకుంది. గట్టిగా లాగి, దులిపి, ఎదురెదురు నడిచి, మళ్లీ వెనక్కి నడిచారు. మూలలు మడిచేటప్పుడు ఇద్దరి చేతులూ ఒకే తీరులో కదిలాయి. రెండో మంచానికి వచ్చేసరికి మాటలతో పని లేకపోయింది.

మూడో మంచం దగ్గర ఆవిడే కదిపింది. రాత్రి మీ పొయ్యి దగ్గరకొచ్చింది మా నాన్న లాకీనే, నేను ఇష్‌బెల్‌ని అని చెప్పింది. ఆయనకి రాత్రంతా నిద్ర లేదట, ఎదురుపడాలంటే మొహం చెల్లక పొద్దున్నే పడవ దగ్గరికి పోయి కూర్చున్నాడట.

"అక్టోబరు నుంచి ఈస్టరు దాకా ఆ ఇల్లు మాది. ఈస్టరు తర్వాత మీలాంటివాళ్లది. మనిషికి చెప్తే తెలుస్తుంది, కాళ్లకి ఎవరు చెప్తారు?" అంది నవ్వుతూ.

ఎన్నాళ్లుగా ఇలా అని సెంగా అడిగింది. ఆరు చలికాలాలుగా అంది ఇష్‌బెల్, దిండుకి గలీబు తొడుగుతూ. గిలీస్ వాళ్ల అత్త బతికున్నప్పుడు ఏడాదంతా అక్కడే ఉండేవాళ్లం, ఆవిడ పోయాక ఇల్లు అతనికొచ్చింది, అతనికి ఎండాకాలం రేట్లు తెలిసొచ్చాయి అని చెప్పింది. ఎండాకాలం వాళ్లుండే కారవాన్ మొదట్లో ఇంటి పక్కనే ఉండేది. అతిథులకి సముద్రం అడ్డొస్తోందని కొట్టం వెనక్కి జరిపించాడు. ఇష్‌బెల్ పొద్దున పిల్లల్ని బడి బండిలో దింపుతుంది. ఆ తర్వాత మంచాన పడ్డ ముసలివాళ్లకి స్నానాలు చేయించి, గంజి తాగిస్తుంది. శనివారాలు ఇదీ పని. ఆమె చేతి కింద నడిచే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఉండటానికే ఇల్లు లేదు. ఇవన్నీ ఇంకొకరి సంగతి చెప్తున్నట్టు హాస్యంగా చెప్పింది. ఒక్కచోట మాత్రం గొంతు మారింది.

"ఏటా ఏప్రిల్లో గోడలు, అలమారలు, చాపలు, అన్నీ నేనే కడుగుతా. వచ్చేవాళ్లకి మా వాసన తగలకూడదు గదా. నా వాసన నేనే కడుక్కోవాలి. దానికి గంటకింత అని జీతం కూడా ఇస్తాడు."

చెప్పెయ్యాలనుకుంది సెంగా. మేం విడిదికి రాలేదమ్మా, కొనడానికొచ్చాం. ఆ మాట అనకుండానే వంటింట్లోకి పోయి ఓవెన్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, పళ్లాలు బయటికి లాగి, తీగ పీచుతో అడుగు మాడంతా గీకింది. చెమట పట్టేదాకా, చేతులు నల్లబడేదాకా తోమింది. ఇష్‌బెల్ తలుపు దగ్గర నిలబడి చూసి, విడిదికొచ్చి పరాయివాళ్ల ఓవెన్ తోమే మనిషిని పుట్టాక ఇప్పుడే చూస్తున్నానంది. రెండో ఇంట్లో కూడా ఇద్దరూ కలిసే చేశారు. ఓడ కూత వినపడేటప్పటికి ఆఖరి స్నానాల గది నేల ఆరుతోంది. పోయేముందు ఇష్‌బెల్ కారవాన్‌లోంచి అరడజను గుడ్లు తెచ్చి సెంగా కోటు జేబుల్లో చెరి మూడూ పెట్టింది. డబ్బులివ్వబోతే కోప్పడింది.

సాయంత్రం నెట్టా మొహం వెలిగిపోతూ వచ్చింది. ఎండాకాలం సంగతి సరేనే, అసలు గిరాకీ కొత్త సంవత్సరానికట, హోగ్మనే అనే ఆ పండగ వారానికి జనం ఎగబడతారట, చలికాలం ఖాళీగా ఉంచడం గిలీస్ తెలివితక్కువతనమట. కొట్టం పడగొట్టి ఆ చోట వేడినీళ్ల తొట్టి పెడితే, నక్షత్రాల కింద స్నానాలని ఫొటోలు వెయ్యొచ్చట. ఆ వెనకాల ఉన్న డొక్కు కారవాన్‌ని ఎత్తించెయ్యాలి అంది.

"అందులో మనుషులున్నారే," అంది సెంగా.

గుడ్లు గిలక్కొడుతూ, పొయ్యికి కర్ర ఎక్కిస్తూ, కూర్చోకుండా, విన్నదంతా చెప్పింది. నెట్టా విన్నది. నెట్టాది రాతి గుండె ఏమీ కాదు. పైస్లీలో సగంమంది ముసలమ్మలకి ఊరికే జుట్టు దువ్వి పంపిస్తుంది. కానీ విన్నాక పాంటు మోకాలిదాకా పైకి లాగి, కాలు బల్ల మీద పెట్టింది. పిక్కల మీద నీలం నరాలు తాళ్లలా ఉబ్బి ఉన్నాయి.

"చూడవే ఇవి. నలభై ఏళ్లు నిలబడ్డాను. కొడుకులా, మొగుడా, నన్నెవరు చూస్తారు? మనం కొనకపోతే లండన్ వాడెవడో కొంటాడు. వాడు ఆ ముసలాయన పేరైనా అడగడు. మనం కొంటేనే పాపమా?"

సెంగాకీ ఆ ఇల్లు కావాలి. నిన్న గడపలో నిలబడ్డప్పుడు ఎంత కావాలనిపించిందో ఇప్పుడూ అంతే కావాలి. అదే ఆమెను కూర్చోనివ్వడం లేదు. పళ్లేలు కడిగింది. కడిగినవే మళ్లీ కడిగింది. బయటికి పోయి గాలిలో నిలబడి లోపలికొచ్చింది. నెట్టా విసుక్కుని, కుర్చీకి మేకు కొట్టి కూర్చోబెట్టనా అంది. రాత్రి తొమ్మిది దాటినా ఆ ఉత్తరపు దీవిలో పొద్దు వాలలేదు. ఆ వెలుతురులో కొట్టం నీడ కూడా ఎంతకీ కదలడం లేదు.

పడుకోబోయే ముందు సెంగాకి దారి దొరికింది. ఎండాకాలం మనం అద్దెకిచ్చుకుందాం. అక్టోబరు నుంచి ఈస్టరు దాకా వాళ్లకే ఇద్దాం, ఇప్పుడున్న అద్దెకే. కారవాన్ కదపొద్దు, కొట్టం పడగొట్టొద్దు. అలాగైతేనే నా సగం. నెట్టా ససేమిరా అంది. హోగ్మనే అంది, వేడినీళ్ల తొట్టి అంది. దుప్పటి ముసుగేసుకుని కూడా గొణిగింది. సెంగా అదే మాట మీద నిలబడింది. ఇంత మొండిగా ఆమె ఎప్పుడూ లేదు, తల్లితో కూడా.

పొద్దున టీ తాగుతూ నెట్టా దిగొచ్చింది. సరే తల్లీ, చలికాలం వాళ్లకే, వేడినీళ్ల తొట్టి కావలిస్తే పైస్లీలో బెస్సీ నెత్తిన పెట్టుకుంటా అంది. సెంగా నవ్వి, లేచి, నెట్టా నెత్తి మీద ముద్దు పెట్టుకుంది. కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని టీ చల్లారేదాకా తాగింది. ఓడెక్కాక మొదటిసారి కూర్చోవడం అది. పొయ్యి పక్క ముసలాయన కాళ్లు చాపుకుని కూర్చున్నట్టూ, బయట మంచు పడుతున్నట్టూ, ఆ వెచ్చదనం తనే పోసినట్టూ ఊహించుకుంది. వెళ్లి వెనక తలుపు తాళం తీసింది.

మధ్యాహ్నం ఓడకి సామాను కారులో పెట్టేసరికి ఇష్‌బెల్ వచ్చింది. బకెట్టూ, నేల తుడిచే కర్రా, భుజం మీద గుడ్డలూ. వెనక తలుపు తీసే ఉంది. అయినా గడప బయట ఆగి, వేళ్లతో తలుపు మీద రెండుసార్లు తట్టింది. లాకీ ఆ వెనకగా కట్టెల మోపుతో వచ్చి, లోపలికి చూడకుండా గోడవార పేర్చసాగాడు.

రా, రా అని సెంగా చెయ్యి పట్టి లోపలికి తీసుకొచ్చింది. కూర్చోమంది. ఇష్‌బెల్ కూర్చోలేదు. సెంగా చెప్పేసింది. గిలీస్ ఇల్లు అమ్ముతున్నాడు, మేమే కొంటున్నాం, చూడ్డానికే వచ్చాం, నిన్న నీతో అనలేకపోయాను, తప్పే. కానీ నువ్వేం భయపడకు. అక్టోబరు నుంచి ఈస్టరు దాకా ఇల్లు మీదే, ఎప్పట్లాగే. మా ఇద్దరి మధ్యా మాట అయిపోయింది. కారవాన్ని కూడా ఎవరూ ముట్టుకోరు. గుక్క తిప్పుకోకుండా చెప్తుంటే సెంగా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, మంచి పని చేస్తున్నానని.

నెట్టా కూడా కోటు బొత్తాలు పెట్టుకుంటూ ముందుకొచ్చింది. హోగ్మనే గిరాకీ వదులుకున్నామమ్మా మీకోసం, ఈవిడ పోట్లాట చూడాల్సింది అంది. ఆ మాటలో దెప్పు లేదు, స్నేహితురాలి గురించి గొప్పే ఉంది.

బయట కట్టెలు పేర్చే చప్పుడు ఆగిపోయింది.

ఇద్దరూ ఇష్‌బెల్ మొహంలోకి చూస్తూ నిలబడ్డారు. ఆమె భుజం మీద గుడ్డ తీసింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి బల్ల అంచున పెట్టింది. అది జారకుండా అరచేత్తో అదిమింది. సెంగాని చూసింది, తర్వాత నెట్టాని చూసింది, మళ్లీ సెంగా దగ్గరికే వచ్చింది. గొంతులో కోపం లేదు. బజార్లో ధర అడిగినట్టుగా అడిగింది.

"గిలీస్ అయితే ఓబన్‌లో కూర్చుని ఫోన్లో చెప్తాడు, మొహాలు చూసుకునే పని లేదు. ఏప్రిల్లో మా నాన్నని ఆ కుర్చీలోంచి లేపి, బయటికి పొమ్మనేది మీ ఇద్దర్లో ఎవరు?"